వారంటీ దాటిన వాషింగ్ మెషీన్: కార్డు ఆదుకుంటుందా?
అన్నా, కూకట్‌పల్లిలో క్రెడిట్ కార్డు మీద కొన్న వాషింగ్ మెషీన్ 14 నెలలకే మొరాయించిందని, కార్డు తరఫున అదనపు వారంటీ వస్తుందా అని అడిగారు కదా. ముందు బయటి మెకానిక్‌తో విప్పించకండి, క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఈ సదుపాయం అన్ని కార్డులకూ ఉండదు, నిబంధనలు చూడండి. ఉంటే సాధారణంగా కంపెనీ వారంటీ ముగిశాక మొదలవుతుంది. బిల్లు, వారంటీ కార్డు, కొన్న నెల కార్డు స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోండి.

నా ఫ్రిజ్ బిల్లయితే బీరువాలో ఉండి ఉండి తెల్లకాగితమైపోయింది, థర్మల్ పేపరు మరి! షాపులో ఫోన్ నంబరు చెబితే మళ్లీ తీసిచ్చారు.

ఇంకోటి, పోయింది మోటారైతే కార్డుతో పనే ఉండకపోవచ్చు. చాలా కంపెనీలు మోటారుకి విడిగా 5, 10 ఏళ్ల వారంటీ ఇస్తాయి. లేబర్ చార్జీ మాత్రం తరచూ మన నెత్తినే. కంపెనీ నాన్చితే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.