సైటేషన్ల సంఖ్య చూసి గైడ్‌ను ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ మొదటి సంవత్సరం చదువుతోంది. అంటువ్యాధుల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. రోజూ గూగుల్ స్కాలర్‌లో (పరిశోధన పేపర్లను వెతికే వెబ్‌సైట్) శాస్త్రవేత్తల సైటేషన్లు (వారి పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్క), హెచ్-ఇండెక్స్ చూస్తూ టెన్షన్ పడుతోంది. ఆ సంఖ్య ఎక్కువున్న వారి దగ్గరే చేరాలంటోంది. ఇది సరైన పద్ధతేనా? ఈ రంగంలో స్థిరపడటానికి ఎన్నేళ్లు పడుతుంది?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందుగా మీ అమ్మాయిని శంభునాథ్ డే గురించి చదవమనండి. ఆయన కలకత్తాలో పాథాలజీ ప్రొఫెసర్. కుందేలు చిన్నపేగును అక్కడక్కడా దారంతో కట్టి, రెండు ముడుల మధ్య భాగంలోకి కలరా బ్యాక్టీరియాను ఎక్కిస్తే, ఆ భాగం నీటితో ఉబ్బిపోవడం గమనించారు. ఇది 1953 నాటి మాట. 1959లో బ్యాక్టీరియాను పూర్తిగా వడకట్టేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎక్కించారు. అప్పుడూ పేగు అలాగే నిండింది. అంటే రోగి ఒంట్లోని నీటినంతా లాగేస్తున్నది ఆ బ్యాక్టీరియా వదిలే విషమేనని తేలింది. ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ పేపర్‌కు మొదట్లో రావాల్సిన గుర్తింపు రాలేదు. 1978లో నోబెల్ ఫౌండేషన్ కలరాపై పెట్టిన సదస్సుకు ఆయన్ను ఆహ్వానించారు. మన సైన్స్ అకాడమీలు మాత్రం ఆయన్ను ఫెలోగా కూడా ఎన్నుకోలేదు. 1985లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది, కలరా పరిశోధనకు ఆయన చేసిన మేలును వివరిస్తూ వ్యాసం రాసింది యూజీన్ గార్‌ఫీల్డ్. సైటేషన్లను లెక్కకట్టే సూచికను తెచ్చిన మనిషే ఆయన.

1960లో గూగుల్ స్కాలర్ ఉండి, ఎవరైనా విద్యార్థి ఆ లెక్క చూసి గైడ్‌ను ఎంచుకునుంటే, డే గారి గడప తొక్కేవాడు కాదు.

అలాగని ఈ లెక్కలు పనికిరావని చెప్పను. ఉద్యోగాల్లో, ప్రాజెక్టుల మంజూరులో వాటిని చూస్తారు. కాకపోతే చదవడం తెలియాలి. హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. అది 20 అంటే, కనీసం 20 సైటేషన్లు వచ్చిన పేపర్లు 20 ఉన్నాయని అర్థం. ఈ సంఖ్య పెరుగుతుందే కానీ తగ్గదు. అందుకే 60 ఏళ్ల ప్రొఫెసర్‌ను, నాలుగేళ్ల క్రితం ల్యాబ్ పెట్టుకున్న యువ శాస్త్రవేత్తను దానితో పోల్చడం అన్యాయం. పని చేసే జబ్బును బట్టి కూడా తేడా వస్తుంది. 2020లో కోవిడ్ మీద వచ్చిన పేపర్లకు కొద్ది నెలల్లోనే విపరీతంగా సైటేషన్లు పడ్డాయి. బోదకాలు, కాలా అజార్ (ఇసుక ఈగలు మోసే జ్వరం)ల మీద పనిచేసేవారికి అంత రావు. ఆ జబ్బుల మీద రాసేవాళ్లే తక్కువ మరి. ప్రపంచ దేశాల రోగభారాన్ని లెక్కగట్టే భారీ అధ్యయనాల్లో వందలమంది రచయితలుంటారు. అలాంటి ఒక్క పేపర్‌లో పేరున్నా వేల సైటేషన్లు చేరిపోతాయి. అప్పటికే వచ్చిన పరిశోధనలను క్రోడీకరించే రివ్యూ వ్యాసాలకూ అసలు పరిశోధన కంటే ఎక్కువే వస్తుంటాయి.

కాబట్టి ఈసారి ఆ పేజీ తెరిచినప్పుడు పేపర్లను సంవత్సరాల వారీగా పెట్టుకుని, చివరి ఐదేళ్లవి చూడమనండి. జీవశాస్త్రంలో సాధారణంగా మొదటి పేరు ప్రయోగాలు చేతితో చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ పెద్దది. చివర గైడ్ పేరు, మొదట రకరకాల విద్యార్థుల పేర్లు కనిపిస్తే అక్కడ పిల్లలకు పని నేర్పుతున్నారని, పేరూ ఇస్తున్నారని నమ్మవచ్చు. ఆ మొదటి పేర్లను విడిగా వెతికితే వాళ్లు ఇప్పుడెక్కడున్నారో, పీహెచ్‌డీ ఎన్నేళ్లకు పూర్తిచేశారో కూడా తెలుస్తుంది. నా దృష్టిలో హెచ్-ఇండెక్స్ కంటే ఈ సమాచారానికి పదింతలు విలువ.

ఇక కాలం, డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో గానీ, ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) పరీక్షల్లో గానీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 ఫెలోషిప్ వస్తుంది. హెచ్‌ఆర్‌ఏ అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ పైన పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాత మరో ల్యాబ్‌లో చేసే తాత్కాలిక పరిశోధన) రెండు నుంచి నాలుగేళ్లు వేసుకోండి. పర్మినెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్పై అయిదు దగ్గరపడవచ్చు. మధ్యలో సంబంధాలు చూస్తున్నామంటూ అమ్మాయి మీద ఒత్తిడి పెట్టకండి. ప్రయోగాలు సాగని రోజుల్లో ఇంటి నుంచి కావాల్సింది ధైర్యం. అందరూ ప్రొఫెసర్లే కానక్కర్లేదు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని టీకా కంపెనీలకు, క్లినికల్ ట్రయల్స్‌కు ఈ శిక్షణ ఉన్నవారు కావాలి.

దగ్గర్లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థలు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, అలాగే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. క్షయ మీద ఆసక్తి ఉంటే చెన్నైలోని ఐసీఎంఆర్ సంస్థ, వైరస్‌లైతే పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ), దోమలు మోసే జబ్బులైతే పుదుచ్చేరిలోని వీసీఆర్‌సీ పరిశోధన కేంద్రం చూడండి.

ఒక జాగ్రత్త. డబ్బు కడితే వారంలో పేపర్ అచ్చేస్తామని మెయిళ్లు వస్తాయి. వాటి జోలికి అసలు పోవద్దు. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందే పేపర్ ఉండాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. యూనివర్సిటీ సొంత నియమం ఏముందో చూసుకుంటే చాలు.

వచ్చే వేసవికి ఇంటర్న్‌షిప్ అడుగుతూ ఇప్పుడే నలుగురైదుగురు శాస్త్రవేత్తలకు మెయిల్ పెట్టమనండి. అందరికీ ఒకే మెయిల్ వద్దు. ఒక్కొక్కరి పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో అర్థంకాని ఒక ప్రయోగం గురించి రెండు వాక్యాల్లో అడగాలి. రెండు వారాలైనా జవాబు రాకపోతే ఇంకోసారి మర్యాదగా గుర్తుచేయవచ్చు.