స్మార్ట్ కళ్లద్దాలు కాలుతూ, డిస్‌ప్లేలో గీతలు వస్తుంటే రాగి రేకు అతికించొచ్చా?

మీరు అడిగింది ఇదీ కదా: మహబూబ్‌నగర్ దగ్గర సోలార్ సైట్‌లో డిస్‌ప్లే ఉన్న కళ్లద్దాలు పెట్టుకుని పని చేస్తున్నారు. పావుగంటకే కుడి కాడ చెవి పైన కాలుతోంది, బొమ్మ మసకబారుతోంది, మధ్యమధ్యలో గీతలు. ఇన్వర్టర్ల రేడియేషన్ అని అనుమానం. రాగి రేకు అతికిస్తే వేడీ, రేడియేషనూ రెండూ తగ్గుతాయా అని.

వద్దు. నేను అతికించి చూసినవాణ్ని.

నాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల్లో పానెల్ బోర్డులు, మోటార్ డ్రైవ్‌లు (మోటార్ వేగాన్ని అదుపు చేసే పెట్టెలు) చూస్తుంటాను. ఒక చేతిలో మీటర్, ఇంకో చేతిలో వైరు ఉంటే ఫోన్‌లో డ్రాయింగ్ చూసేదెట్లా? అందుకని పోయినేడాది ఇలాంటివి ఒక జత కొన్నాను. చలికాలం బాగానే నడిచాయి. మార్చి దాటాక మొదలైంది తంటా. బాయిలర్, డ్రయర్ నడిచే చోట అసలే ఉక్క, పైన రేకుల కప్పు.

ముందు వేడి సంగతి. గంటల తరబడి ఒంటికి తగిలి ఉండే వస్తువు 43 డిగ్రీలు దాటితే చర్మం దెబ్బతినే ప్రమాదం ఉంది. తయారీదార్లు ఆ హద్దు లోపలే ఉండాలని చూస్తారు. ఇప్పుడు లెక్క చూడండి. 25 డిగ్రీల ఏసీ గదిలో కాడ 43 వరకు వెళ్లొచ్చంటే 18 డిగ్రీల తేడా ఉంది. లోపలి వేడి గాలిలోకి పోయేది ఆ తేడా మీదే. బయట 40 ఉంటే మిగిలేది మూడు డిగ్రీలు, అంటే ఆరో వంతు. మే నెలలో మన దగ్గర 44 కొట్టిన రోజు ఆ కాస్త కూడా ఉండదు, గాలే కళ్లద్దాలను వేడి చేస్తుంది. అప్పుడు లోపలి చిప్ తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గిస్తుంది. మీ బొమ్మ మసకబారడం చాలావరకు ఇదే, అది రోగం కాదు.

దానికి తోడు ఎండ. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు. కాడ పది సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు అనుకున్నా దాని మీద పడేది ఒక వాటు. ఇంత చిన్న పరికరానికి ఒక వాటు తక్కువేం కాదు. నల్ల ఫ్రేమ్ అయితే అందులో ఎక్కువ భాగం తాగేస్తుంది. కాబట్టి అంచు వెడల్పున్న టోపీ పెట్టండి. తువ్వాలు మాత్రం చెవుల మీదుగా చుట్టకండి. నేను చుట్టాను, గాలి ఆడక ఇంకా మండింది.

ఇక రాగి రేకు కథ. రాగి వేడిని బాగా పరుస్తుంది కదా అని కుడి కాడ బయటివైపు మొత్తం కాపర్ టేప్ వేశాను. చురుక్కుమనే చోటు నిజంగానే తగ్గింది, సంబరపడ్డాను. పది నిమిషాల్లో ఫోన్‌తో కనెక్షన్ పోయింది. ఫోన్ చొక్కా జేబులో ఉంటే వస్తుంది, ప్యాంటు వెనక జేబులో పెడితే పోతుంది. ఫోన్ మార్చాను, రీసెట్ చేశాను, లాభం లేదు. చివరికి స్టూలు మీద కూర్చుని గోరుతో టేప్ అంచు లేపుతూ వచ్చాను. చెవి వెనక కొస నుంచి ఒక వేలు వెడల్పు, ఊహూ. ఇంకో వేలు వెడల్పు లేపగానే కనెక్షన్ టక్కున నిలబడింది. యాంటెన్నా ఆ భాగంలోనే ఉందన్నమాట. దాని పక్కన లోహం వస్తే అది పట్టాల్సిన ఫ్రీక్వెన్సీ పక్కకు జరిగిపోతుంది. ఏ రేకు వేడిని పరిచిందో ఆ రేకే సిగ్నల్‌ను మింగింది. వేడిని పరచడానికి ఫ్యాక్టరీలో వాడే గ్రాఫైట్ షీటుదీ ఇదే చిక్కు, అదీ కరెంటు పారే వస్తువే. అందుకే వాళ్లు యాంటెన్నాకు దూరంగా కోసి, షీల్డును, అంటే రొదను అడ్డుకునే లోహపు కప్పును, సర్క్యూట్ గ్రౌండుకు కలుపుతారు. మనం పైన అతికించే టేప్‌కు గ్రౌండే లేదు.

రేడియేషన్ అనే మాట గురించి. డ్రైవ్‌లు, ఇన్వర్టర్లు కరెంటును ఆన్-ఆఫ్ చేసేది సెకనుకు కొన్ని వేల సార్లు. ఫోన్‌తో కలిపే బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 240 కోట్ల సార్లు. ఆ ఆన్-ఆఫ్‌తో పుట్టే కరెంటు రొద గాలిలో ఎగిరొచ్చి బ్లూటూత్‌ను చెడగొట్టడం అరుదు. దానికి దారి కేబుల్. నేను పవర్ బ్యాంక్ జేబులో పెట్టుకుని చార్జింగ్ వైరు తగిలించే పని చేసేవాణ్ని. పానెల్ తలుపు తీసి నిలబడితే వైరు మోటార్ కేబుల్ పక్కనే వేలాడేది. ధాన్యం పైకి మోసే ఎలివేటర్ మోటార్ ఆన్ కాగానే గీతలు పైకి పాకేవి. వైరు పీకితే మాయం. వైరు తప్పనిసరైతే పొట్టిది వాడండి, మోటార్ కేబుల్ వెంట పోనివ్వకండి, అడ్డంగా దాటించండి. కళ్లద్దాల వైపు చివర ఒక ఫెర్రైట్ క్లిప్ (వైరు మీద బిగించి రొదను తగ్గించే చిన్న ముక్క) వేసినా తేడా ఉంటుంది.

అయినా ఒక గీత మిగిలింది, ఎప్పుడూ ఒకే చోట. సర్వీస్ కౌంటర్‌లో ఫోన్ టవర్ వల్ల అని చెప్పి తిప్పి పంపారు. ఇంట్లో వైరు తీసేసి, ఫోన్ ఆపేసి, కాడను మెల్లగా తెరిచి మూస్తుంటే సగంలో గీత వచ్చి పోతోంది. మడత దగ్గరి సన్నని ఫ్లెక్స్ కేబుల్ నలిగింది. అది వీడియో తీసి చూపిస్తే మారు మాట్లాడకుండా మార్చారు.

వేడి మీద ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకండి, లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. ఎండలో నిలిపిన బండిలో అసలు వదలకండి. చల్లబడతాయని ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పడుతుంది.

మీ గీత కదులుతోందా, ఒకే చోట ఉంటోందా? వైరు తగిలించి వాడుతున్నారా? అది రాయండి, మిగతాది చూద్దాం.