న్యూజెర్సీ పెరట్లో మామిడి వేసుకోవచ్చా?

ఎడిసన్, ప్రిన్స్‌టన్ పరిసరాల్లో కొత్తగా ఇల్లు కొనుక్కున్న తెలుగువారిలో చాలామంది మొదటి వసంతం రాగానే అడిగేది, పెరట్లో మామిడి, జామ, సీతాఫలం వేసుకోవచ్చా అని. నేలలో వేస్తే మూడూ బతకవు. కుండీలో పెట్టి, చలికాలం ఇంట్లోకి చేర్చుకోగలిగితే మామిడి, జామ పెరుగుతాయి, కాస్తాయి కూడా. సీతాఫలం విషయం చివర చెబుతాను.

చలి తీవ్రతను బట్టి ప్రాంతాలను జోన్లుగా చూపిస్తూ అమెరికా వ్యవసాయ శాఖ 2023లో సవరించిన పటం ప్రకారం ఈ ప్రాంతం 7వ జోన్‌లోకి వస్తుంది. అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి ఉష్ణోగ్రత సగటున 0 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుందన్నమాట. లేత మామిడి మొక్క 30 డిగ్రీల దగ్గరే మాడిపోతుంది. టెక్సాస్‌లోని బంధువులు నేలలోనే వేశామని చెప్పినా తొందరపడకండి. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లోనే మైనస్ 2 డిగ్రీలకు పడిపోయింది.

ఇండియన్ స్టోర్‌లో కొన్న బంగినపల్లి టెంక పాతిపెట్టే ప్రయత్నం దాదాపు అందరూ చేస్తారు. 2007 నుంచి అమెరికాకు వస్తున్న మన మామిడిపండ్లకు పురుగుల బెడద లేకుండా రేడియేషన్ ఇస్తారు కనుక ఆ టెంకలు సరిగా మొలవవు. మొలిచినా తల్లిచెట్టు గుణం రాదు. ఊరి నుంచి టెంకలో, మొక్కలో సూట్‌కేసులో తేవడం నిబంధనలకు విరుద్ధం. ఫ్లోరిడా నర్సరీలు అమ్మే అంటుమొక్కల్లో, పొట్టిగా గుబురుగా పెరిగే 'పికరింగ్' లాంటి రకం కుండీకి అనువైనది. మొదటి ఏడాదే పూత వస్తే, ఎంత ప్రాణం ఒప్పకపోయినా, తుంచేయాలి.

రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు దిగుతోందంటే, అంటే సాధారణంగా సెప్టెంబరు చివరికి, కుండీని లోపలికి తెచ్చుకోవాలి. కష్టమంతా ఆ తరువాతే మొదలవుతుంది. దక్షిణపు కిటికీ ఒక్కటే చాలదు, మొక్కల కోసమే అమ్మే గ్రో లైటు కూడా పెట్టాలి. వెలుతురు తగ్గి ఎదుగుదల మందగించిన మొక్కకు వేసవిలో పోసినన్ని నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లుతాయి. చేతివేలు రెండు అంగుళాలు దింపి, మట్టి పొడిగా తగిలినప్పుడే పోయండి. హీటర్ల వల్ల పొడిబారిన గాలిలో ఎర్రనల్లి (స్పైడర్ మైట్ అనే అతి చిన్న పురుగు) చేరుతుంది. ఆకు కింద తెల్లకాగితం పట్టి తడితే, దుమ్ములా రాలిన చుక్కల్లో కొన్ని మెల్లగా కదులుతాయి. అప్పుడే ఆకుల అడుగు భాగాన్ని నీళ్లతో కడిగి, క్రిమిసంహారక సబ్బు ద్రావణం చల్లితే అదుపులోకి వస్తుంది. మే చివర్లో బయట పెట్టేటప్పుడు వారం పదిరోజులు నీడలో ఉంచకపోతే ఆకులు ఎండకు కమిలిపోతాయి.

కరివేపాకు మొక్కకూ ఇదే పద్ధతి. చలికాలంలో అది ఆకులన్నీ రాల్చి మోడుగా మిగిలితే చచ్చిందనుకుని పారేయకండి, చాలాసార్లు వసంతంలో చిగురిస్తుంది. అయితే ఉద్యోగం మారి కాలిఫోర్నియాకో ఫ్లోరిడాకో వెళ్తుంటే దానిని వెంట తీసుకుపోవద్దు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును వ్యాపింపజేసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కనుక అక్కడ ఆంక్షలున్నాయి.

నేలలోనే చెట్టు కావాలంటే చైనా రేగు వేయండి. 'లీ', 'లాంగ్' రకాలు ఇక్కడి మంచును తట్టుకుంటాయి. పండ్లు ఎండబెట్టి దాచుకుంటే భోగికీ ఉంటాయి. ఇక సీతాఫలానికి బదులు, దాని కుటుంబానికే చెందిన పాపా (pawpaw) చెట్టు వేసుకోండి, అది ఈ తూర్పు అమెరికా అడవులదే. దాని గుజ్జు మెత్తగా, తియ్యగా ఉంటుంది. గింజలు మాత్రం నమలకూడదు. ఒక్కటే నాటితే సాధారణంగా కాయదు కాబట్టి రెండు వేర్వేరు రకాల మొక్కలు కొనుక్కోవాలి.