ఎగిరే ముందు రియాక్షన్ దాచుకో

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో నీ విజార్డ్ (మంత్రాలు వేసే పాత్ర) 5వ లెవెల్‌కు చేరిందనీ, ఆదివారం ఆటలో గాలిలో ఎగిరించే ఫ్లై మంత్రంతో మీ ఫైటర్‌ను (యోధుడి పాత్రను) కోటగోడ దాటించబోతున్నావనీ నీ మెసేజ్‌లో చదివి ఎంతో గర్వపడ్డాను. ఆ వెంటనే భయం కూడా పట్టుకుంది.

ఆ మంత్రం పది నిమిషాలు నిలుస్తుందనీ, వేగం ఒక్కో టర్న్‌కు 60 అడుగులనీ నీకు తెలుసు. మంత్రాన్ని నిలిపి ఉంచే ఏకాగ్రత, అంటే కాన్సంట్రేషన్, నీదైనా పడేది అతనన్న సంగతి మరవకు. కింద నిలబడ్డ నీకు బాణం తగిలి, ఆ ఏకాగ్రత చెదరకుండా వేసే పాచిక, అంటే కాన్‌స్టిట్యూషన్ సేవ్, తప్పితే, పైనున్నవాడు ఆ క్షణమే రాలిపోతాడు. నేను ఈ ఆట పాత నియమాలైన 3.5 ఎడిషన్ ఆడిన రోజుల్లో గడువు తీరినా మనిషి కొన్ని రౌండ్లపాటు మెల్లగా కిందికి దిగేవాడు. 5వ ఎడిషన్‌లో ఆ దయ లేదు. పడ్డ ప్రతి పది అడుగులకు ఒక ఆరుముఖాల పాచిక చొప్పున దెబ్బ తగులుతుంది.

మా పాత బృందంలో 5వ ఎడిషన్ ఆడేటప్పుడు ఒక మిత్రుడు తన విజార్డ్‌ను 150 అడుగుల ఎత్తుకు తీసుకెళ్లాడు. పడేవారిని మెల్లగా దించే ఫెదర్ ఫాల్ మంత్రం సిద్ధం చేసుకున్నాడు కాబట్టి ధైర్యంగా ఉన్నాడు. మొదటి బాణం రాగానే అలవాటుగా దెబ్బను అడ్డుకునే షీల్డ్ మంత్రం వేశాడు. రెండో బాణం షీల్డ్‌ను దాటి తగిలింది, సేవ్ తప్పింది. ఫెదర్ ఫాల్ అనబోతుంటే, రియాక్షన్ (రౌండ్‌కు ఒక్కసారే దొరికే తక్షణ ప్రతిచర్య, ఆ రెండు మంత్రాలకూ అదే కావాలి) ఇంకా ఉందా అని ఆట నడిపే డీఎం అడిగాడు. షీల్డ్‌తోనే అది అయిపోయింది. పదిహేను పాచికలు కలిపి 51 వచ్చాయి. అతనికి మిగిలినవి 18 హిట్ పాయింట్లు (ప్రాణబలం), పూర్తిగా ఉన్నప్పుడు మొత్తం 27. సున్నా దాటాక ఇంకా 33 దెబ్బ మిగిలింది, అది మొత్తం పాయింట్లను మించిపోయింది కనుక ప్రాణం నిలుపుకోడానికి వేసే చివరి పాచికలకు, అంటే డెత్ సేవ్‌లకు, కూడా అవకాశం లేకుండా, ఎన్నాళ్లుగానో ప్రాణంగా చూసుకున్న ఆ పాత్ర అక్కడికక్కడే చనిపోయింది. ఆ రాత్రి అతను క్యారెక్టర్ షీట్ మడత పెట్టలేక అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

దేనికైనా ముందు షీల్డ్ వేసే అలవాటు నీకూ ఉంది. ఎన్నిసార్లు చెప్పినా వినవు! ఫైటర్ గాలిలో ఉన్నంతసేపు నీకెన్ని బాణాలు తగిలినా సరే, రియాక్షన్ ముట్టుకోకు. ఫెదర్ ఫాల్ 60 అడుగుల లోపలివారికే అందుతుంది, అతను ఒక్క టర్న్‌లోనే అంత దూరం పోగలడు. కాబట్టి గోడ ఎత్తుకు మించి ఎగరవద్దని, నీకు దూరం కావద్దని ఆట మొదలుకాకముందే అతనితో ఒప్పందం చేసుకో. విలుకాళ్లకు కనిపించకుండా నువ్వు ఏ రాతి చాటునో ఉండి అతన్ని పంపించు తల్లీ. నిలువుగా ఎక్కించడమే పనైతే గాలిలో తేల్చే లెవిటేట్ మంత్రం చాలు, అది ముగిసినా మనిషిని మెల్లగానే దించుతుంది.

ఆట అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

మామయ్య