అతిథి గృహం చరిత్ర రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడి అతిథి గృహమైన బ్లెయిర్ హౌస్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. అక్కడ దిగిన రాజులు, ప్రధానులు అందరూ వరుసగా ఉన్నారు, 2014లోనూ 2025లోనూ బస చేసిన మన మోదీతో సహా. ఇల్లు మాత్రం నాకు కనిపించలేదు. ఒక సంసారి ఇల్లు సర్కారు విడిదిగా ఎలా మారిందన్నదే నువ్వు చెప్పవలసిన కథ.

1824లో సైనిక వైద్యాధిపతి జోసెఫ్ లవెల్ కట్టించుకున్న ఆ ఇంటిని, ఆయన పోయాక, 'గ్లోబ్' పత్రిక సంపాదకుడూ అధ్యక్షుడు జాక్సన్‌కు ఆంతరంగికుడూ అయిన ఫ్రాన్సిస్ ప్రెస్టన్ బ్లెయిర్ 6,500 డాలర్లకు కొన్నాడు. వైట్ హౌస్‌కు వీధి దాటితే చాలు కాబట్టే ఒక సంపాదకుడి ముందుగదికి అంత పలుకుబడి వచ్చింది. అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1861 ఏప్రిల్ 18న, కేంద్ర సైన్యానికి నాయకత్వం వహించమని అధ్యక్షుడు లింకన్ పక్షాన, తరువాత తిరుగుబాటు దక్షిణాదికి సేనాని అయిన రాబర్ట్ లీని బ్లెయిర్ అడిగింది అక్కడే, లీ కాదన్నాడు. ఈ ఘట్టానికి నువ్వు ఒక్క వాక్యమే ఇచ్చావు, కనీసం ఒక పేరా ఇవ్వు.

వైట్ హౌస్‌లో బస చేసిన బ్రిటన్ ప్రధాని చర్చిల్ అర్ధరాత్రి చుట్ట పట్టుకుని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గదికి బయలుదేరితే ఆయన భార్య ఎలినార్ అడ్డుకున్నదనీ, అందుకే 1942లో ప్రభుత్వం ఇల్లు కొన్నదనీ మొదలుపెట్టావు. కథ మహా రుచిగా ఉంది, నాకు అనుమానం అక్కడే. 'అని చెప్పుకుంటారు' అని రాసి ముందుకు సాగు. యుద్ధకాలంలో విదేశీ నేతల రాకపోకలు పెరిగాయన్న కారణం ఉండగా, ఆ భారమంతా చుట్ట మీద మోపకు.

కలం ఆగవలసింది అధ్యక్షుడు ట్రూమన్ దగ్గర. కూతురి పియానో కాలు నేలలోకి దిగబడేంతగా వైట్ హౌస్ పాడైపోవడంతో 1948 నుంచి 1952 దాకా ఆయన ఇక్కడే కాపురమున్నాడు. ఈ ఇంటి మెట్లు దిగితే కాలిబాటే. 1950 నవంబరు 1 మధ్యాహ్నం, ట్రూమన్ మేడ మీద కునుకు తీస్తుండగా, అమెరికా ఏలుబడిలోని ప్యూర్టోరికోకు స్వాతంత్ర్యం కోరే జాతీయవాదులు కొలాజో, టొర్రెసోలా ఆయన్ను చంపాలని ఆ కాలిబాట మీద నడుచుకుంటూ వచ్చే కాల్పులు మొదలుపెట్టారు. కాపలా గదిలో ఉన్న పోలీసు లెస్లీ కాఫెల్ట్ తూటాలు తగిలి కూలబోతూ కూడా గురిచూసి టొర్రెసోలాను కాల్చి చంపాడు. కాఫెల్ట్ కూడా ఆ రోజే ప్రాణాలు విడిచాడు. అలికిడికి కిటికీలోంచి తొంగిచూసిన ట్రూమన్‌ను వెనక్కి వెళ్లమని కింది నుంచి ఒక కాపలాదారు అరిచాడు. గాయపడి పట్టుబడిన కొలాజోకు పడిన మరణశిక్షను 1952లో యావజ్జీవంగా మార్చినవాడూ ట్రూమనే.

ఢిల్లీలో నిజాం కోసం వాస్తుశిల్పి లుట్యెన్స్ రూపొందించిన హైదరాబాద్ హౌస్‌తో నువ్వు పోల్చావు. విశాలమైన ఆవరణలో ఉన్న ఆ రాజభవనానికీ వీధివాకిలి ఉన్న ఈ ఇంటికీ పోలిక కుదరదు, తీసెయ్యి. నాలుగు ఇళ్లు కలిసిపోయి 119 గదులయ్యాయన్నది మాత్రం ఒక వాక్యంలో చాలు. కాఫెల్ట్ పేరు నీ చిత్తుప్రతిలో ఎక్కడా లేదు. తిరగరాసేటప్పుడు ముందు అది చేర్చు.