పారా ఎస్ఎఫ్‌ల చేసి వచ్చిన మా చిన్నాయన పుస్తకం రాయగలుగుతడా?

మీ చిన్నాయన టెన్త్ దాకనే చదివిండు, పారా ఎస్ఎఫ్‌ల (మన ఆర్మీల స్పెషల్ ఫోర్సెస్ దళం) కమాండోగా చేసి రిటైర్ అయిండు, ఇప్పుడు రాస్తా అంటుండు, అయితదా అని అడిగిర్రు కదా. అయితదండి. మా మేనమామ ఆర్మీల హవల్దార్ చేసి నకిరేకల్‌కు వచ్చిండు, ఆయన చెప్తుంటే పక్కన కూసోని ఫోన్ల టైప్ చేసింది నేనే, అందుకే ఇంత నమ్మకంగ చెప్తున్న.

బ్రిటన్ ఆర్మీ కమాండో దళం ఎస్ఏఎస్‌ల చేసిన ఆండీ మెక్‌నాబ్ గురించి చూడుర్రి (అది కలం పేరు). పదహారేండ్లకు ఆర్మీల చేరినప్పుడు ఆయనకు సక్కగ చదవనే రాదు, ఆర్మీ క్లాసులల్ల చిన్నపిల్లల పుస్తకంతోని మొదలువెట్టిండు. 1991 గల్ఫ్ యుద్ధంల స్కడ్ మిస్సైళ్ల కోసమని ఎనిమిది మందిని ఇరాక్‌ల దింపిర్రు, రేడియో పనిచెయ్యలే, పైనుంచి మంచు, ముగ్గురు పోయిర్రు, అండ్ల ఇద్దరు చలికే పోయిర్రు, ఈయనతోని కలిపి నలుగురు దొరికిపోయిర్రు, ఒకాయన నడుసుకుంట సిరియాకు చేరిండు. 1993ల ఈ ముచ్చట మీద ఆయన రాసిన పుస్తకం వచ్చింది, తర్వాత నవలలు కూడ రాసిండు. జైళ్లల్ల, బడులల్ల తిరిగి చదువు మీద మాట్లాడిండు, 2017ల సీబీఈ (బ్రిటన్ సర్కారు బిరుదు) ఇచ్చింది అక్షరాస్యత పనికే. నాకైతే ఆయన జీవితంల అదే అన్నిటికంటే గొప్పగ అనిపిస్తది.

ఇగ రాసుడు సంగతి. మా మామ మొదట్ల "సియాచిన్‌ల చాన కష్టపడ్డంరా" అని ఒక్క మాటల తేల్చేస్తుండె. పొద్దుగాల లేవంగనే ఏం చేస్తుంటిరి మామ అని అడిగిన. అప్పుడు బయటికొచ్చింది, టూత్‌పేస్ట్ రాయిలెక్క గడ్డకట్టేదట, రాత్రంత కిరోసిన్ స్టవ్ పొగల పండుకుంటే తెల్లారి ఉమ్మితే నల్లగ వడేదట. మా అత్తకు కూడ ఇన్నేండ్లు ఈ ముచ్చట తెల్వదు! మీరు కూడ యుద్ధం గురించి అడగకుర్రి, ఏం తిన్నరు, బ్యాగుల ఏమున్నయి, కాళ్లు ఎట్లుండె, గివి అడగుర్రి.

ఇంకోటి, తోటోళ్లకు ఫోన్ చేసి సరిచూసుకోవాలె. మెక్‌నాబ్ టీమ్‌ల సిరియాకు నడిచినాయన కూడ పుస్తకం రాసిండు, ఇద్దరి లెక్కలు కలవలే, తర్వాత మైకేల్ ఆషర్ అనే ఇంకో మాజీ సైనికుడు ఇరాక్‌కే పోయి ఆడి ఊరోళ్లను అడిగి రెండిటినీ ప్రశ్నించిండు. చనిపోయినోళ్ల ఇంటోళ్లు కూడ చదువుతరు కదా, వాళ్ల గురించి రాసేటప్పుడు మస్తు జాగ్రత్త.

రిటైర్ అయినా 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ (సర్కారు రహస్యాలు బయటపెట్టొద్దనే చట్టం) వర్తిస్తది. ఎస్ఎఫ్ అంటే ఇంకా సున్నితం, అచ్చుకిచ్చే ముందు పాత యూనిట్‌ను, ఒక వకీలును అడగుర్రి. భాషకు మాత్రం భయపడొద్దు, మీ ఇంట్ల మాట్లాడినట్టే చెప్పమనుర్రి, మధ్యల హిందీ వస్తే రానీయుర్రి, మామ పుస్తకంల మేం ఒక్కటి కూడ తీసెయ్యలే.