టెక్నాలజీలో డబ్బు పెట్టేవాళ్లే క్రిప్టోను ఎందుకు నమ్మరు, ఏఐ అంటే ఎందుకు భయపడతారు?

క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కరెన్సీల వెనక ఆదాయం తెచ్చే పని ఏదీ కనబడక చాలామంది టెక్ ఇన్వెస్టర్లు దాన్ని నమ్మరు. ఏఐ నిజంగా పనిచేస్తోంది కాబట్టే దాని గురించి టెన్షన్ పడతారు.

కంపెనీ షేరు కొంటే లాభంలో వాటా ఉంటుంది. బిట్‌కాయిన్‌కు లాభం, వడ్డీ, అద్దె ఏవీ లేవు. మన తర్వాత కొనేవాడు ఎక్కువ ఇస్తేనే మనకు మిగిలేది. ఒక బిట్‌కాయిన్ ధర 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా పోయింది, ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గరికి పడిపోయింది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌నే తీసుకోండి. రేటు లేదని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి ధర ఎంత పడినా, కారం పట్టించేవాళ్లు ఉంటారు, రంగు తీసే కంపెనీలు ఉంటాయి. చపాటా రకాన్ని ఆ ఎర్రటి రంగు కోసమే అడుగుతారు. ఆ అవసరమే ధరకు ఆధారం. క్రిప్టోకు ఆధారం ఏదంటే, మొత్తం 2.1 కోట్ల బిట్‌కాయిన్లే ఉంటాయి అంటారు. తక్కువ ఉన్నంత మాత్రాన విలువ రాదు.

ఏఐ సంగతి వేరు. కోడ్ రాస్తుంది, కొద్దిపాటి ఆడియో దొరికితే మనిషి గొంతును అచ్చం దించేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్న హనుమకొండ పిల్లలను చూస్తే ఆ భయాన్ని కొట్టిపారేయలేం.

2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది కాబట్టి ప్రభుత్వమే పూచీ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పన్ను వేరు, పూచీ వేరు. నష్టమొస్తే దాన్ని వేరే ఆదాయంలోంచి తగ్గించి చూపడానికి కూడా చట్టం ఒప్పుకోదు.